ఉప్పాడ మీదుగా చెల్లెలింటికి

అనకాపల్లి నుంచి కోటిపల్లి రేవు దాకా సముద్రం పక్కనుంచి వెళ్లే దారి చెప్పమని మా మార్కెట్లో ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆ దారిలో వెళ్లినవాణ్ని కాబట్టి చెప్పగలను. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఎక్కడ భోజనం దొరుకుతుందో రాస్తాను. అయితే నేను ఏ పని మీద వెళ్లానో కూడా రాయాలి. అది వదిలేసి దారి మాత్రం రాస్తే, ఇది చదివినవాళ్లు నన్ను తెలివైనవాణ్ని అనుకుంటారు.

నేను బెల్లం మార్కెట్లో ఒక కొట్లో కాటా దగ్గర లెక్కలు రాస్తాను. ఏడో తరగతితో బడి మానేశాను. దిమ్మలు తూస్తుండగానే తరుగు తీసి ధర కట్టి నోటితో చెప్పడం నాకు నేనే నేర్చుకున్నాను. మా వీధిలో ఎవరు ప్రయాణం కట్టినా ఏ బండికి వెళ్తే ఏ బస్సు అందుతుందో నన్నే అడుగుతారు. ఆ సంగతి నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

నా చెల్లెలు నూకరత్నాన్ని కోనసీమకు ఇచ్చాం. మా బావ బెల్లం కొనడానికి మా మార్కెట్‌కు వచ్చేవాడు, అలా కుదిరిన సంబంధం. ఆ ఏడు ఎండాకాలం మొదట్లో అతను జ్వరంతో పోయాడు. నేను వెళ్లి అన్నీ దగ్గరుండి చూసి, పెద్దకర్మ అయ్యాక తిరిగొచ్చాను. ఇంక మిగిలింది నిద్ర.

తెలియనివాళ్లకు చెప్తాను. మాలో మొగుడు పోయిన ఆడపిల్లను నెల తిరక్కముందే పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్లి, తమ కప్పు కింద ఒక రాత్రి పడుకోబెడతారు. దాన్నే నిద్ర చెయ్యడం అంటాం. ఆ నిద్ర అయ్యేదాకా ఆ పిల్ల ఎవరి గడపా తొక్కకూడదు. నెలలోపల కాకపోతే ఇక ఏడాది దాకా గుమ్మం దిగకూడదు. తీసుకెళ్లే రోజున ఆమె అత్తవారింట్లో ముద్ద ముట్టదు. ఆ పూట తినేది పుట్టింటివాళ్లు పెట్టిన అన్నమే కావాలి.

మంచి రోజు చూస్తే ఒక్క సోమవారమే తేలింది. ఆదివారం అమావాస్య. మంగళవారం ఆడపిల్లను గడప దాటించరు. బుధవారం నెల మాసికం, ఆ రోజు ఆమె ఆ ఇంట్లోనే ఉండాలి. అంతకుముందు వారాల్లో మార్కెట్ జోరు మీద ఉంది, నాకు సెలవు దొరకలేదు. సోమవారం పొద్దున్న వెళ్లి, చెల్లెల్ని తీసుకుని రాత్రి పడుకునే వేళకు ఇంటికి చేరిపోవాలి. వాళ్లింట్లో ఫోను లేదు. వారం ముందే కార్డు రాసి పడేశాను, మధ్యాహ్నానికి వస్తామని.

తిన్నగా వెళ్లాలంటే సామర్లకోట దాకా రైలు, అక్కణ్నుంచి కాకినాడ, కోటిపల్లి బస్సులు, తర్వాత గోదావరి దాటడానికి పంటు. కాని ఉప్పాడ దగ్గర బస్సు సముద్రం అంచునే వెళ్తుందనీ, కెరటం విరిగితే తుంపర కిటికీలోకి వస్తుందనీ మార్కెట్లో ఎవరో చెప్పగా విన్నాను. పిల్లలకు వేసవి సెలవులు. ఎలాగూ అటు వెళ్తున్నాం. కాగితం మీద వేసుకుంటే రెండు గంటలే తేడా వచ్చింది. రాత్రికి ఎలా చూసినా ఇంటికి చేరతాం. ఒక ప్రయాణంలో రెండు పనులు అయిపోతాయని సంతోషించాను.

సోమవారం తెల్లవారుజామున అయిదు దాటాక అనకాపల్లిలో తుని బస్సు ఎక్కాం. నేను, నా భార్య సత్యవతి, పదేళ్ల భవాని, ఆరో ఏడు నడుస్తున్న గణేశు. ముందురోజు సాయంత్రం నేనే పిల్లలకు ఎర్ర టోపీలు కొన్నాను, ఎండ తగలకుండా.

ఎలమంచిలి దాటేసరికి బాగా తెల్లవారింది. చెరకు కొట్టేసిన పొలాలు కొన్ని నల్లగా కాల్చి ఉన్నాయి, కొన్నింట్లో పిలక పచ్చగా లేస్తోంది. నక్కపల్లిలో ఒక పెద్దాయన తమలపాకుల బుట్టతో ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. పాయకరావుపేటలో దిగుతాడట.

"ఎందాకా బావా?" అన్నాడు.

"కోటిపల్లి అవతలకి. మా సెల్లిని నిద్రకి తేవాల."

ఆయన మెడ తిప్పి వెనక సీటులో టోపీలు చూశాడు. "నిద్రకెల్తన్నావా, తీర్తానికెల్తన్నావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన దిగిపోతూ భవాని చేతిలో రెండు లేత ఆకులు పెట్టి వెళ్లాడు.

తునిలో ఇడ్లీ తిని పిఠాపురం బస్సు ఎక్కేముందు సత్యవతి నా పక్కకు వచ్చింది.

"మావా, తిన్నగా కాకినాడ ఎల్లిపోదుం. రత్నం సూత్తంటాది."

"రెండు గంటలే కదే. నేను లెక్క కట్టేను."

"కట్టేవులే. గుమ్మంలో కూకునేది నువ్వు కాదు కదా."

సామాను బస్సు మీదకు కాకుండా సీటు కింద పెట్టమని చెప్పాను.

పిఠాపురం నుంచి ఉప్పాడకు బస్సులు, ఆటోలు రెండూ ఉంటాయి. అరగంట దారి. ఊళ్లోకి వస్తుంటే ముందు మగ్గాల చప్పుడు వినిపిస్తుంది, తర్వాత ఎండు చేపల వాసన, ఆ తర్వాతే సముద్రం. మేం తొమ్మిదింటికి దిగాం. నేను విశాఖలో సముద్రం చాలాసార్లు చూశాను. అక్కడ ఇసక దాటి నడిచి వెళ్లి చూడాలి. ఇక్కడ సముద్రమే ఊళ్లోకి వచ్చి నిలబడింది. ఒక ఇంటికి వెనక గోడ లేదు. ఆ గదిలోంచి నీళ్లు కనిపిస్తున్నాయి. రోడ్డు పొడుగునా పెద్ద పెద్ద నల్లరాళ్లు పోసి కట్ట వేశారు. కెరటం వాటి సందుల్లోకి దూరి, లోపల గుడగుడమని తిరిగి, తెల్లగా పైకి చిమ్ముతోంది. పడవలన్నీ బాగా ఎత్తుకు లాగి పెట్టి ఉన్నాయి. ఎందుకు అంత ఎత్తుకు లాగారో నాకు తట్టలేదు.

పావుగంటలో కాకినాడ బస్సు వచ్చింది. ఉప్పాడ నుంచి కాకినాడ వెళ్లేటప్పుడు సముద్రం ఎడమవైపు ఉంటుంది. ఈ దారిలో వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఎడమవైపు కూర్చోవాలి. ఆ బస్సులో ఎడమవైపు సీట్లన్నీ నిండిపోయాయి. కుడివైపు ఖాళీలున్నాయి.

"ఎక్కండి, సీట్లున్నాయి కదండీ," అన్నాడు కండక్టరు.

"ఎనకాల ఇంకోటి ఉందా?"

"ఉందండి, అరగంటకి."

"అయితే దానికొత్తాం."

సత్యవతి అప్పటికే మెట్టు మీద కాలు పెట్టింది. "ఏ సీటైతే ఏటి మావా, ఎక్కీ," అంది.

"ఇంత దూరం వచ్చి ఇళ్ల గోడలు సూత్తా ఎల్తామా? దిగు."

సముద్రంవైపు కిటికీలోంచి ఒక ముసలామె తల బయటపెట్టి, "టిక్కెట్టు బస్సుకా, సముద్రానికా నాయనా?" అంది. బస్సంతా నవ్వింది. సత్యవతి కాలు దించేసింది. బస్సు వెళ్లిపోయింది.

ఆ అరగంట ఎలా గడిచిందో తెలియలేదు. రాళ్ల కట్ట ఆగిపోయినచోట కొంచెం ఇసక ఉంది, పిల్లలు అక్కడ నీళ్లలోకి దిగారు. గణేశు కెరటం వచ్చినప్పుడల్లా దానికి వీపు తిప్పి కూలబడి, లేచి, నోట్లో ఇసక ఉమ్మేసి మళ్లీ కూలబడ్డాడు. నేనూ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగాను. కాగితం గాలిమరలు అమ్మేవాడు వస్తే చెరొకటి కొన్నాను. ఉడికించిన వేరుశనక్కాయలు తిన్నాం. ఒక గంట అయ్యాక, ఇదిగో వస్తుంది అన్నారు అక్కడున్నవాళ్లు. ఇంకో అరగంట అయ్యాక కూడా అదే అన్నారు. నాకు కంగారు పుట్టలేదు. అంత సంతోషంగా నేను ఎన్నేళ్లుగానో లేను. అంతసేపట్లో చెల్లెలు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ మాట కూడా రాయాలి, నిజం అది.

పదకొండు దాటాక కాకినాడవైపు నుంచి స్కూటరు మీద ఒకాయన వచ్చి మమ్మల్ని చూసి ఆగాడు. పంట్లాం నడుం దాకా తడిసి ఉంది.

"బస్సు కోసమాండి? ఇయ్యాల ఇంక రాదండి. అమాస పోటు కదా, నీళ్లు రాళ్లు దాటి రోడ్డెక్కేసినయ్యి. ఇందాక ఎల్లిందే ఆఖరు బస్సు."

అమావాస్య. ఆదివారం అమావాస్య అని లెక్క చూసుకుని సోమవారం బయల్దేరినవాణ్ని నేను. సముద్రానికి కూడా అదే అమావాస్య అని నా బుర్రకు తట్టలేదు. ఈ దారి పట్టేవాళ్లు అమావాస్య, పున్నమి రోజుల్లోనూ ఆ మర్నాడూ పొద్దుటిపూట వెళ్లకండి. తప్పదంటే వచ్చిన మొదటి బస్సు ఎక్కండి.

ఆటో దొరికి పిఠాపురం వెనక్కి వచ్చి, పెద్ద రోడ్డున కాకినాడ చేరేసరికి ఒంటిగంట దాటిపోయింది. బస్టాండు ఎదురుగా భోజనం చేశాం. వేడి అన్నం, గోంగూర, చేపల వేపుడు. బాగుంది. సత్యవతి నాలుగు ముద్దలు తిని లేచిపోయింది. కోటిపల్లి బస్సు రెండున్నరకు గాని కదల్లేదు. ద్రాక్షారామం దాటాక రెండువైపులా కొబ్బరితోటలు మొదలవుతాయి, కాలవలో పిల్లలు ఈదుతుంటారు, కళ్లకు చల్లగా ఉంటుంది. నేను కిటికీలోంచి చూడలేదు. అవతలి గట్టు నుంచి తిరిగొచ్చే ఆఖరు పంటు ఎన్నింటికో కండక్టరును రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఆరింటికే అన్నాడు.

రేవులో దిగేసరికి నాలుగున్నర. పంటు అంటే రెండు పడవలు పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిచినది. మోటారు సైకిళ్లు, సైకిళ్లు, అరటి గెలలు, మనుషులు అందరూ దాని మీదే. ఎండాకాలం కాబట్టి గోదావరి మధ్యలో ఇసక మేటలు తేలాయి. పంటు తిన్నగా వెళ్లకుండా లోతు వెతుక్కుంటూ వంకర తిరిగి వెళ్తుంది. ఎండ వాలింది. నీళ్లు బెల్లం పాకం రంగులో ఉన్నాయి. అవతలి గట్టు కొబ్బరిచెట్లు గోడ కట్టినట్టు ఉన్నాయి. ఇది చూడటానికైనా ఒకసారి ఈ రేవు దాటాలి.

మా పక్కన ఖాళీ పాల క్యాన్లతో ఒకావిడ నిలబడింది. పేరు మంగమ్మ అని తర్వాత తెలిసింది. "ఎవరింటికండీ?" అంది. ఊరు, ఇంటిపేరు చెప్పాను. ఆవిడ ముఖం ఒక్కసారి మారింది.

"నూకరత్నం అన్నయ్యగారా మీరు? అయ్యో! పొద్దున్న పాలు పొయ్యడానికెళ్తే, వద్దందండి. మా అన్నియ్య వత్తన్నాడు, రెండు రోజులు పుట్టింట్లో ఉంటానంది. నిన్న రాత్రే సంచి సర్దేసుకుంది. మద్దినేళ మళ్లీ ఎల్లేనండి, అలాగే కూర్చునుంది, మంచినీళ్లు తప్ప ముట్టలేదు. బస్సు ఆగిపోయుంటాదిలే వదినా అని నాకే ధైర్యం చెప్పిందండి."

అంటూ ఆవిడ పిల్లలకేసి చూసింది. టోపీలు, గాలిమరలు, ఉప్పు పట్టి తెల్లగా ఆరిన గౌను. "సముద్రానికెళ్లొత్తన్నారా?" అంది. నేను విననట్టు గోదావరికేసి తిరిగాను.

తర్వాత నేను చేసింది ఇది. పిల్లలిద్దర్నీ అంచుకు తీసుకెళ్లి, గాలిమరలు లాక్కుని సంచిలో అడుగున పెట్టాను. "అత్తకి సముద్రం సంగతి సెప్పకండి. బస్సు పాడైపోయింది, అందుకే ఆలస్యం అయింది అని సెప్పండి," అన్నాను.

భవాని ముఖం తిప్పుకుంది. గణేశు నన్నే చూస్తూ, "బస్సు పాడవలేదు కదా నాన్నా?" అన్నాడు.

"పాడైపోయింది అనే సెప్పాల."

"బస్సు పాడైపోయింది," అన్నాడు వాడు. బళ్లో పద్యం ఒప్పజెప్పినట్టు ఇంకోసారి అన్నాడు. తప్పు పోకుండా చెప్పినందుకు నేను వాడి తల నిమిరాను. సత్యవతి ఇదంతా వింటూనే ఉంది, నావైపు చూడలేదు.

ముక్తేశ్వరం రేవులో దిగి, మంగమ్మను కూడా ఎక్కించుకుని ఆటోలో కాలవ గట్టున ఉన్న ఆ ఊరు చేరేసరికి ఆరైంది. చెల్లెలు గుమ్మం లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన సంచి. మమ్మల్ని చూసి ఒక్కసారిగా లేవబోయి, కళ్లు తిరిగి ద్వారబంధం పట్టుకుంది. ఆమె అత్తగారు అరుగు మీద ఉంది.

"రండి బాబూ," అంది పెద్దావిడ, వాలిపోతున్న పొద్దుకేసి చూస్తూ. "సూరీడుగారు మిమ్మల్ని సూసి ఎల్దామని ఇంతసేపు ఆగారండి, పాపం, ఆగలేక ఎల్లిపోతన్నారు."

"బస్సు పాడైపోయిందండి," అన్నాను.

"ఆయ్. బస్సులు పాడవుతాయి మరి," అంది ఆవిడ.

చెల్లెలు పిల్లలిద్దర్నీ పెరట్లో నూతి దగ్గరకు తీసుకెళ్లింది. పొద్దున్నుంచి ఏమీ తినని మనిషి నీళ్లు తోడి నా పిల్లల కాళ్లు కడిగింది. గణేశు చొక్కా విప్పింది. నేను పెరటి గుమ్మంలో నిలబడ్డాను. చొక్కా విదిలిస్తే ఇసక రాలింది. తల మీద నీళ్లు పోస్తే చెవుల వెనకనుంచి, మెడ మడతల్లోంచి ఇసక కారి, నూతి చప్టా మీద పేరుకుంది. చెల్లెలు చెయ్యి ఆగింది.

"సముద్రం సూసేవేట్రా?" అని మెల్లిగా అడిగింది.

వాడు ముందు నాకేసి చూశాడు. తర్వాత, "లేదత్తా. బస్సు పాడైపోయింది," అన్నాడు.

ఆమె కొంగు కొస మెలిపెట్టి వాడి చెవిలో ఇసక తీసి, ఇంకో చెవిలోదీ తీసి, ఒళ్లు తుడిచింది. నాకు అక్కడ నిలబడటానికీ చేతకాలేదు, వెళ్లడానికీ చేతకాలేదు.

అరుగు మీదకు వచ్చేసరికి పెద్దావిడ మాట తేల్చేసింది. "ఇంక పంటు లేదు. రేపు మంగళారం. ఎల్లుండి మాసికం. ఇంకేటుంది, ఏడాది దాకా ఈ గుమ్మంలోనే. దాని రాత."

పడవ మాట్లాడతానన్నాను. కాకినాడలో కారు తీసుకుంటానన్నాను. ఎన్నింటికి దాటితే ఎన్నింటికి అనకాపల్లి చేరతామో చెప్పడం మొదలుపెట్టాను. సత్యవతి నా వాక్యం మధ్యలోనే, "ఇంక సాల్లే మావా. సీకట్లో పిల్లల్తో గోదారి దాటిత్తావా?" అంది. అందరి ముందూ నా భార్య నాతో అలా మాట్లాడటం అదే మొదటిసారి.

అప్పటిదాకా క్యాన్లు దించకుండా నిలబడ్డ మంగమ్మ, "పుట్టింటోళ్ల కప్పు కింద పడుకోవాలి, అంతే కదండీ?" అంది. "మా తోటలో కొబ్బరికాయల పాక ఖాళీగా ఉంది. ఈ రాత్రికి అది అన్నయ్యగారికి అద్దెకిచ్చేత్తే? అద్దెకున్నోళ్లదే కదండీ ఇల్లు."

పెద్దావిడ అరుగు అంచుకు జరిగింది. "ఊరికే ఇత్తే నీ ఇల్లవుద్ది. డబ్బుచ్చుకుంటే ఆళ్లిల్లవుద్ది. పుచ్చుకుంటావా?"

"నేనెలా పుచ్చుకుంటానండీ, రత్నం కోసమైతే!"

"అయితే కుదరదు. పుచ్చుకోవాలి."

మంగమ్మ నావైపు తిరిగింది. నా నోటి వెంట అలవాటు కొద్దీ, "ఎంత?" అని వచ్చింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీకెంత తోత్తే అంతండి," అంది. జేబులో చేతికి వచ్చిన నోటు తీసి ఇచ్చాను. ఆవిడ దాన్ని చూడకుండా కొంగున ముడేసుకుంది.

ఆ పాక రత్నం ఇంటికి నాలుగు కొంపల అవతల. తాటాకుల కప్పు, మట్టి నేల, మూలన కొబ్బరి పీచు డొక్కల గుట్ట. సత్యవతి కొట్లో బియ్యం, పప్పు కొని తెచ్చి, మూడు ఇటుకలు పేర్చి వండింది. మంగమ్మ ఇచ్చిన గిన్నెకు కూడా పెద్దావిడ ఒప్పుకోలేదు. కొత్త గిన్నె నేను కొనాల్సివచ్చింది. చీకటి పడ్డాక చెల్లెలు తన గుమ్మం దిగి, సంచి పట్టుకుని, ఆ నాలుగు కొంపలూ నడిచి పుట్టింటికి వచ్చింది. అనకాపల్లిలో ఆమె కోసం మా అమ్మ గది కడిగించి పెట్టాం. వీధిలో వాళ్లందరూ చూడటానికి వస్తామన్నారు. చిన్నప్పుడు ఆమెతో బడికి వెళ్లిన పిల్ల తుమ్మపాల నుంచి రావడానికి సిద్ధమైంది. అదంతా పోయి, చివరకు ఈ కొబ్బరి పాక మిగిలింది.

సత్యవతి అన్నం కలిపి మొదటి ముద్ద చేతిలో పెట్టింది. రత్నం ఆత్రంగా తింది. ఆకలి మీద ఉన్న మనిషి ఎదుటివాళ్లను చూసుకోకుండా తిన్నట్టు తింది. మారు వడ్డించుకుని కూడా తింది. అదే రోజు కాకినాడలో నేను చేపల వేపుడు తిన్నాను.

ఒకటే చాప. ఆ చివర నేను, ఈ చివర సత్యవతి, మధ్యలో చెల్లెలు, పిల్లలు. నిద్ర చేసే రాత్రి ఎవరూ ఏడవకూడదు అంటారు. ఎవరూ ఏడవలేదు.

తెల్లవారి కాలవ గట్టున పళ్లు తోముకుంటుంటే చెల్లెలు చెంబుతో వచ్చింది. నిద్ర అయిపోయింది కదా, ఇప్పుడు ఎక్కడికైనా రావచ్చు. గట్టు మీదకు వచ్చి, ఇటూ అటూ, చాలా దూరం దాకా చూసింది. నెల తర్వాత ఆమె కాలవ చూడటం అదే మొదలు.

"రత్నం, బస్సు పాడవలేదు," అన్నాను. "ఉప్పాడలో ఆగేం. కిటికీ దగ్గర సీట్లు లేవని బస్సు వదిలీసేను."

"తెలుసన్నియ్యా. ఆడి సెవుల్లో ఇసక తీసింది నేనే కదా."

నేను నోట్లో పుల్ల తీసి కాలవలోకి విసిరాను.

"పిల్లలకి సముద్రం సూపించేవు, దానికేటి. మీ బావుంటే ఆయనే తీసుకెల్లేవోడు. నువ్వు నాకు అబద్దం ఆడినా పడతాను, అన్నియ్యవి. ఆడిసేత ఆడించేవు. నాకేసి సూసి సెప్పలేక నీకేసి సూసేడు." చెంబు నీళ్లతో ముఖం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. "రాత్రంతా నా పక్కన అటూ ఇటూ దొర్లేడు. ఎందుకురా అంటే, ఏటీ లేదత్తా అన్నాడు."

ఎనిమిదింటికి రేవుకు బయల్దేరాం. చెల్లెలు మాతో రేవు దాకా వచ్చింది, దారిలో ఎదురైనవాళ్లు పలకరిస్తే ఆగి మాట్లాడింది. చావు జరిగిన ఇంటి మనిషి దగ్గర సెలవు తీసుకునేటప్పుడు వెళ్లొస్తాం అనకూడదు. నాకు ఏమనాలో తెలియక, "మళ్లీ ఎప్పుడు రమ్మంటావు తీసుకెల్లడానికి?" అన్నాను. అంతటితో ఊరుకోకుండా, ఏ రైలుకు ఏ బస్సు అందుతుందో, పంటు ఎన్నింటికి ఎక్కాలో చెప్పబోయాను.

"నువ్వు రాకన్నియ్యా," అంది. కోపంగా అనలేదు. "నేనే వత్తాను."

"ఒక్కర్తివా? దారి తెలీదు కదే."

"అడుక్కుంటా వత్తాను. నోరుంది కదా."

పంటు కదిలింది. ఆమె రేవు మెట్ల మీద మంగమ్మ పక్కన నిలబడి, మేం మొదటి ఇసక మేట తిరిగేదాకా ఉంది. తర్వాత వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. నడకలో తొందర లేదు.

వచ్చేటప్పుడు తిన్నగా వచ్చాం. కోటిపల్లి, కాకినాడ, సామర్లకోట. మధ్యాహ్నం ప్యాసింజరులో చోటు సులువుగానే దొరికింది. ఈ దారిన వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇంతే: దారి మంచిది, ఉప్పాడ రోడ్డు లాంటిది మన వైపు లేదు, గోదావరి మీద సాయంత్రం పంటు ప్రయాణం మరిచిపోలేరు. వెళ్లండి. ఊరికే చూడటానికే వెళ్లండి. ఎవరైనా గుమ్మంలో మీకోసం కూర్చుని ఉన్న రోజున మాత్రం వెళ్లకండి.

అన్నవరం దాటాక సత్యవతి, భవాని కూర్చునే నిద్రపోయారు. ఎదురు సీటులో తునిలో దిగాల్సిన ఒకావిడ గణేశు టోపీ చూసి ముచ్చటపడి, "ఎక్కడికెల్లొత్తన్నావు బాబూ? ఏటేటి సూసేవు?" అని అడిగింది.

వాడు జరిగి నా దగ్గరకు వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి, ఆవిడకు వినపడకుండా అడిగాడు.

"నాన్నా, ఈవిడకి ఏటని సెప్పాల?"